గుట్ట మీద నిల్వనిధి

సుబ్బరత్నమ్మను సంఘానికి కోశాధికారిగా ఎన్నుకున్న రోజున మడకశిర బజారులో నవ్వనివాళ్లు లేరు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషిని తీసుకెళ్లి దానధర్మాల డబ్బు మీద కూర్చోబెడితే నవ్వరా మరి! ఆమె కిరాణా అంగడిలో బెల్లం పొట్లం కడితే దారం రెండు చుట్లే తిరుగుతుంది. మూడో చుట్టు ఆమె లెక్కలో దుబారా. కొసరు అడిగిన పిల్లల చేతిలో ఒక్కటంటే ఒక్క వేరుశెనగ గింజ పెట్టి, "ఇంకోటి కావాలంటే మీ నాయన్ని దుడ్లు తీసుకోని రమ్మను" అంటుంది. "ఊరికే అనే మాట నా అంగడి మెట్టు ఎక్కకూడదు" అని ఆమె మొగుడు బదరీనారాయణకు పెళ్లయిన కొత్తలోనే చెప్పేసింది. ఆయన ముప్పై అయిదేళ్లుగా ఆ మాట జవదాటలేదు.

ఎన్నుకున్నవాళ్లు మాత్రం తెలియక ఎన్నుకోలేదు. అదేమీ పెద్ద సంఘం కాదు. ఒక డీజిలు ఆటో, దాన్ని తోలే బయ్యన్న, బయ్యన్న జేబులో ఒక ఫోను, అంతే ఆస్తి. గుట్టల వెనకున్న ఊళ్లలో ఎవరికైనా నొప్పులొచ్చినా, పాము కరిచినా, గుండె పట్టేసినా బయ్యన్నకు ఫోను చేస్తారు. పెద్ద అంబులెన్సు దిగలేని గతుకుల దారుల్లోకి ఈ ఆటో వెళ్లి మనిషిని ఆసుపత్రికి చేరుస్తుంది. బాడుగ లేదు. బజారు వర్తకులూ, పట్టుగూళ్ల వ్యాపారులూ ఇచ్చే చందాలు, అంగళ్లలో పెట్టిన డబ్బాల్లో పడే చిల్లర, వీటితోనే ఏడాది పొడుగునా బండి నడవాలి.

మొదటి ఏడాది ఆ డబ్బు శివరాత్రికే అయిపోయింది. ఇన్సూరెన్సు కట్టడానికి పైసా లేక, ఆటో నెల రోజులు గోనెపట్టా కప్పుకొని సరిగ్గా సుబ్బరత్నమ్మ అంగడికి ఎదురుగా నిలబడింది. అంతకు ముందే ఒకనాడు బదరీనారాయణ తక్కెడ పట్టుకొని ఉండగానే పక్కకు ఒరిగిపోతే, ఎత్తుకెళ్లి బతికించినవాడు బయ్యన్నే. ఆ ఆటో ఆ రోజు గోనెపట్టా కింద ఉండి ఉంటే? ఆ ఆలోచన వస్తే చాలు, ఆమె తూకం తప్పేది. అందుకే ఎవరూ అడక్కముందే సంఘం మీటింగుకు వెళ్లి, వెనక వరసలోంచి లేచి, "లెక్కలు నేను చూస్తా. మళ్లీ ఆ బండి నిలబడితే నన్ను అడగండి" అంది. నవ్వినవాళ్లు నవ్వారు, చేతులెత్తినవాళ్లు ఎత్తారు.

ఆమె వచ్చాక ఏడాది చివర డబ్బు మిగలడం మొదలైంది. మిగిలాక అసలు తంటా మొదలైంది.

సంఘం అధ్యక్షుడు రాజేంద్ర సారు రిటైరైన హెడ్మాస్టరు. మనిషి బంగారం. కాకపోతే ఆయనకొక బలహీనత ఉంది, శాలువాలు. ఎక్కడ నాలుగు రూపాయలు కనబడినా ఎవరికో ఒకరికి శాలువా కప్పకపోతే ఆయనకు చేతులు ఊరుకోవు.

"దాతల్ని సన్మానం చేయకపోతే మర్యాదగా ఉండదు కదమ్మా. శాలువా, పూలమాల, ఒక మైకు సెట్టు, ఎంత అవుతాది చెప్పు?" అన్నాడు ఆ ఏడాది మీటింగులో.

"ఈ ఎండల్లో శాలువా కప్పితే ఆ దాత మళ్లీ మన దిక్కుకి వస్తాడా సారూ?" అంది సుబ్బరత్నమ్మ. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. నవ్వుతూనే, పోనీ దాతల పేర్లు చెక్కిన రాతిపలక పెట్టిద్దామన్నాడు. ఇంకొకాయన ఆఫీసుకు గది కడదామన్నాడు. మరొకాయన అందరూ కలిసి లేపాక్షికి వెళ్లొస్తే ఐకమత్యం పెరుగుతుందన్నాడు. లేపాక్షి ఎంత దూరమని! పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. దానికి సంఘం డబ్బు కావాలట.

బ్యాంకులో డబ్బు ఉన్నంతకాలం ఈ పోరు తప్పదని ఆమెకు అర్థమైపోయింది. పాసుబుక్కులో అంకె కనబడితే చాలు, అందరి కళ్లూ దాని మీదే. అంకె కనబడకుండా డబ్బు ఉండాలి. అది ఎలాగా అని రెండు వారాలు తల బద్దలు కొట్టుకుంటుండగా, గొర్రెలకు ఉప్పు కొనడానికి గంగాధరప్ప అంగడికి వచ్చాడు.

గంగాధరప్పది గుట్ట అవతలి ఊరు. మాటల్లో సగం తెలుగు, సగం కన్నడం, మనిషంతా గొర్రెల వాసన. ఉప్పు బస్తా భుజానికెత్తుకుంటూ, ఈసారి సంతలో గొర్రె ధర ఎంత పలికిందో చెప్పాడు. సుబ్బరత్నమ్మ చేతిలో తక్కెడ ఆగిపోయింది.

"ఏమప్పా, గొర్రెల్ని పాలుకు మేపుతావా?" అని అడిగింది.

ఆ పద్ధతి అక్కడ అందరికీ తెలిసిందే. గొర్రెలు ఒకరివి, మేపేది ఇంకొకరు, పుట్టిన పిల్లల్లో చెరి సగం. గంగాధరప్ప బస్తా కిందికి దించాడు. "నీవా శెట్టెమ్మా? నువ్వు గొర్రెలు కొంటావా?"

"నావి కాదప్పా. సంఘానివి."

సభలో తీర్మానం పెడితే రాజేంద్ర సారు అది పరిహాసమనుకొని సంతకం పెట్టేశాడు. వారం తిరిగేసరికి పన్నెండు గొర్రెలు నెత్తిన నీలం రంగు చుక్కతో గంగాధరప్ప మందలో కలిసి మేస్తున్నాయి. కష్టకాలంలో తప్ప వాటిని అమ్మకూడదు, కష్టం వచ్చిందో లేదో కోశాధికారే చెప్పాలి. ఇది తీర్మానంలో ఆమె పట్టుబట్టి రాయించిన మాట. ఇక శాలువాలు కావాలంటే ముందు గుట్టెక్కి గొర్రెను పట్టుకోవాలి. ఆ వయసులో ఆ ఓపిక ఆ సభలో ఎవరికీ లేదు.

లెక్కలు తనిఖీ చేసే హరినాథ్ హిందూపురం నుంచి వచ్చే కుర్ర ఆడిటరు. మంచివాడు, నవ్వుమొహం. ఆ ఏడాది కాగితాలు తిప్పుతూ, "నిల్వనిధి ఎక్కడమ్మా?" అని అడిగాడు.

"మేస్తాంది నాయనా."

హరినాథ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కళ్లారా చూడకుండా సంతకం పెట్టనంటే, ఆమె సంతోషంగా గుట్ట మీదికి తీసుకెళ్లింది. నిగనిగలాడే బూట్లతో రాళ్ల మీద జారుకుంటూ అతను లెక్కపెడుతుంటే, లెక్కపెట్టిన గొర్రె వెళ్లి లెక్కపెట్టని గొర్రెల్లో కలిసేది. మూడుసార్లు లెక్కపెడితే మూడు అంకెలు వచ్చాయి. చివరికి గంగాధరప్ప ఒక్కొక్కదాన్నీ కాళ్ల సందుల్లోంచి దూరిపోనిస్తే లెక్క తేలింది.

"ఆస్తి అన్నాక ఏటా కొంత తరుగుదల రాయాలమ్మా" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"రాయి నాయనా, నేను వద్దంటానా? అయితే ఇది తరగదు. ఈనుతాది."

హరినాథ్ అక్కడే రాయి మీద కూర్చొని పొట్ట పట్టుకొని నవ్వాడు. తర్వాత ఆఫీసుకెళ్లి ఏవో పుస్తకాలు తిరగేసి, నిబంధన ఒప్పేలాగే ఆస్తుల కింద 'జీవాలు' అని ఒక వరస చేర్చాడు. అప్పటినుంచి ఏటా మార్చి నెలాఖరులో అతని కోసం సుబ్బరత్నమ్మ గుట్టకు వెళ్లి గొర్రెల్ని లెక్కపెట్టి రావడం ఆనవాయితీ అయింది. బస్సు దిగాక నడిచే వెళ్తుంది. సంఘం ఆటో ఎక్కితే సంఘం డీజిలు ఖర్చు కదా!

ఏళ్లు గడిచాయి. పన్నెండు గొర్రెలు నలభై దాటాయి. బండి ఒక్క రోజు కూడా గోనెపట్టా కప్పుకోలేదు. నిజం చెప్పొద్దూ, సుబ్బరత్నమ్మకు ఆ నీలం చుక్కల మంద మీద మనసు పడిపోయింది. అంగడిలో గిరాకీ లేనప్పుడు కూడా ఎన్ని ఈనాయో, ఎన్ని ఈనబోతాయో వేళ్ల మీద లెక్కేసుకుంటూ కూర్చునేది. "గొర్రెల్ని లెక్కపెడితే నిద్ర వస్తాదంటారు. నీకు ఆకలి వస్తాంది" అని బదరీనారాయణ వేళాకోళం చేసేవాడు.

పోయిన ఏడాది వానల్లేవు. చెనక్కాయ చేను పూత దశలోనే మాడిపోయింది. చేతిలో డబ్బు లేక జనం జబ్బును ముదిరేదాకా దాచుకొని అప్పుడు బయ్యన్నకు ఫోను చేయసాగారు. బండి తిరుగుడు రెట్టింపైంది, చందా డబ్బాలు మాత్రం కదిపితే చప్పుడు కూడా రావడం మానేశాయి. ఉగాదికి ఇంకా మూడు నెలలుందనగా బయ్యన్న అంగడి ముందు ఆటో ఆపి వచ్చాడు.

"అక్కా, క్లచ్ ప్లేటు అరిగిపోయినాది. గుట్ట ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తాంది గానీ బండి కదల్లేదు."

"ఈరోజు తిరిగినాదా?"

"తిరిగినాది."

"తిరుగుతాంటే ఇంక కష్టం యాడుండాది బయ్యన్నా?"

బయ్యన్న మెడలో తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "రెండు గొర్రెలు అమ్మితే సరిపోతాది కదక్కా" అన్నాడు మెల్లగా.

"ఏమప్పా, నీకేమన్నా మతుందా? అన్నీ చూడి గొర్రెలు. కడుపుతో ఉన్న గొర్రెను ఎవురన్నా అమ్ముకుంటారా? ఈననీ. రెండు నాలుగైతాయి. అప్పుడు చూద్దాం."

వర్తకురాలిగా ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నెల తర్వాత బయ్యన్న మళ్లీ అడిగాడు, ఆమె మళ్లీ అదే చెప్పింది. రాజేంద్ర సారు కూడా ఒకసారి నోరు తెరిచాడు. ఆయన నోరు తెరిస్తే శాలువా కోసమేనని ఆమె అలవాటు కొద్దీ విననేలేదు. బయ్యన్న మూడోసారి అడగడం మానేసి, ఎత్తు వచ్చిన చోటల్లా బండిని బుజ్జగిస్తూ, ఒకోసారి ఎక్కినవాళ్లనే దింపి తోయిస్తూ నెట్టుకొచ్చాడు.

మార్చి నెలాఖరు వచ్చింది. సుబ్బరత్నమ్మ గొడుగు వేసుకొని గంగాధరప్ప ఊరికి వెళ్లింది. మంద ఊరి బయట గుట్టవాలు మీద మేస్తోంది. గొర్రెలన్నీ ఈనాయి. తల్లుల వెనక గంతులేస్తున్న పిల్లల్ని చూసి ఆమె మొహం చాటంత అయింది. గంగాధరప్ప ఒక్కొక్కదాన్నీ దాటిస్తుంటే వేళ్లు మడుస్తూ సగంలో ఉందో లేదో, ఊళ్లోంచి గంగాధరప్ప భార్య చిన్నక్క కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చింది.

"అశ్వినికి నొప్పులొస్తాండాయి! బిర్నా బండికి ఫోను చేయండప్పా!"

అశ్విని వాళ్ల కూతురు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. వైద్యులు చెప్పిన తేదీకి ఇంకా పది రోజులుంది. పుట్టే బిడ్డకు ఆ తేదీతో ఏం పని? సుబ్బరత్నమ్మే బయ్యన్నకు ఫోను చేసింది. అతను దగ్గర ఊళ్లోనే ఉండి, అరగంటలోపే దుమ్ము రేపుకుంటూ వచ్చేశాడు. అశ్వినిని ఎక్కించారు, చిన్నక్క ఎక్కింది, ఇంకో ఆడమనిషి తోడుంటే మంచిదని సుబ్బరత్నమ్మా ఎక్కింది. కోశాధికారి అయ్యాక ఆమె ఆ ఆటో ఎక్కడం అదే మొదటిసారి.

ఎక్కి కూర్చోగానే కింద ఏదో చురుక్కున గుచ్చుకుంది. సీటు రెక్సిను చిరిగి, లోపల పీచు ఎప్పుడో ఊడిపోయి, ఇనుప కడ్డీ పైకి తేలి ఉంది. అశ్విని సరిగ్గా దాని మీదే ఒరిగి పడుకుంది. బండి గతుకులో పడ్డప్పుడల్లా ఆ పిల్ల నొప్పికి ఒకసారి, కడ్డీకి ఒకసారి అరుస్తోంది. సుబ్బరత్నమ్మ తన చీర కొంగును నాలుగు మడతలు పెట్టి ఆ పిల్ల నడుము కింద దూర్చింది. ఇన్నేళ్లుగా ఎంతమంది ఈ కడ్డీ మీద పడుకొని వెళ్లారో అనుకుంటే ఆమెకు సిగ్గేసింది.

గుట్ట ఎత్తు మొదలైంది. అది ఎక్కి దిగితే అవతల ఆసుపత్రి ఉన్న ఊరే. సగం ఎక్కాక ఇంజను హోరుమంది, మాడువాసన గుప్పుమంది, బండి ఆగిపోయింది. బయ్యన్న ఎంత తిప్పినా ఇంజను అరుస్తోంది గానీ చక్రాలు కదలడంలేదు.

"ఏమైంది బయ్యన్నా?"

"క్లచ్ పోయిందక్కా." ఆమె వైపు తిరక్కుండానే చెప్పాడు. నేను చెప్పలేదా అని అనలేదు. అని ఉంటేనే బాగుండేదనిపించింది ఆమెకు.

అశ్విని చిన్నక్క చేయి పట్టుకొని గట్టిగా కేకపెట్టింది. సుబ్బరత్నమ్మ దిక్కు తోచక బయటికి చూసింది. దారి పక్కన గుట్టవాలు మీద నీలం చుక్కల గొర్రెలు పిల్లలు కాక నలభైకి పైగా, తీరిగ్గా మేత నములుతూ ఆగిపోయిన ఆటోను చూస్తున్నాయి. బలంగా, నున్నగా, నిగారింపుగా ఉన్నాయి.

"చూడి గొర్రెను అమ్మకూడదని ఆగితిని," అని పైకే అనేసింది, "నిండు చూలాలిని తెచ్చి నడిదారిలో నిలబెడితిని గదే తల్లీ!"

చింతించడానికి అశ్విని వ్యవధి ఇవ్వలేదు. మంద దగ్గరే ఉండిపోయిన గంగాధరప్ప అప్పటికే కర్ర పారేసి గుట్ట దిగి పరుగున వస్తున్నాడు. "ఏం కాదు, తోద్దాం పా! ఎత్తు దాటితే అవతల అంతా దిగుడే!" అని ఆటో వెనక భుజం ఆనించాడు. సుబ్బరత్నమ్మ దిగి చీర కుచ్చిళ్లు ఎగదోపి పక్కన భుజం ఆనించింది. బయ్యన్న హ్యాండిలు పట్టుకొని పక్కనే నడుస్తూ తోశాడు. ముందుకు ఒక మూర పోతే వెనక్కు ఒక జాన జారుతోంది. అంగడిలో కూర్చొని కూర్చొని మెత్తబడ్డ ఒళ్లు ఆమెది. ఊపిరి అందడంలేదు, కాళ్లకింద కంకర జారుతోంది. అయినా ఆమె భుజం తీయలేదు. లోపల్నుంచి అశ్విని, "నాయనా, బిర్నా!" అని ఏడుస్తోంది. గంగాధరప్ప, "వస్తాండాం తల్లీ, వస్తాండాం!" అని అరుస్తూ తోస్తున్నాడు.

ఆ కంగారులో అతను ఒక సంగతి మరిచిపోయాడు. మందను ముందుకు నడిపించేటప్పుడు అతను అరిచే కేక కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. గొర్రెలకు అశ్విని నొప్పులేం తెలుసు? తమ కాపరి కేక వేశాడు, ముందు నడుస్తున్నాడు. అంతే, మందంతా మేత వదిలేసి దారిలోకి దిగి వెంటబడింది.

ఎత్తు దాటింది. ఆటో తనంతట తానే కదిలింది. బయ్యన్న ఎగిరి సీట్లో కూర్చొని బ్రేకు మీద కాలు పెట్టాడు. బండి ఇంజను చప్పుడు లేకుండా దిగుడు దారిలో జర్రున జారిపోతుంటే, వెనక గంగాధరప్ప, అతని వెనక కొంగు గాలికెగురుతున్న సుబ్బరత్నమ్మ, ఆమె వెనక సంఘం నిల్వనిధి మొత్తం బేబే అంటూ పరుగో పరుగు. దారిలో ఎదురైన మోటారుసైకిలు మనిషి పక్కకు ఆపి, ఇదేం ఊరేగింపో తెలియక నమస్కారం పెట్టాడట!

ఆసుపత్రి వాకిలి దాకా దొర్లి, ఆటో మెట్టుకు తగిలీ తగలకుండా ఆగింది. నర్సులు పరుగున వచ్చి అశ్వినిని లోపలికి తీసుకెళ్లారు. వాళ్లు వెళ్లిన రెండు నిమిషాలకు మంద వచ్చి ఆవరణంతా నిండింది. పెద్ద నర్సు నాగజ్యోతి బయటికొచ్చి, తను కడవలతో నీళ్లు పోసి పెంచుకుంటున్న బంతి మొక్కల్ని గొర్రెలు సుబ్బరంగా మేస్తుంటే చూసి లబలబలాడింది.

"ఇవి ఎవురివమ్మా? తోలండి ముందు!"

"సంఘానివి తల్లీ" అంది సుబ్బరత్నమ్మ రొప్పుతూ. "మా నిల్వనిధి."

నాగజ్యోతి ఆమెకేదో ఎండదెబ్బ తగిలిందనుకొని నీళ్లిచ్చి నీడలో కూర్చోబెట్టింది. ఆ నీళ్లు తాగుతుండగానే లోపల్నుంచి పసికేక వినిపించింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. గంగాధరప్ప తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చిన్నక్క ఎవరు కనబడితే వాళ్లను కావలించుకుంటోంది, కావలించుకున్నవాళ్లలో నాగజ్యోతీ ఉంది, రెండు గొర్రెపిల్లలూ ఉన్నాయి.

బయ్యన్న మెట్ల మీద కూర్చున్నాడు. సుబ్బరత్నమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"బయ్యన్నా, ఇది కష్టమే కదా?"

"నన్నడుగుతావేంటికక్కా? చెప్పాల్సింది నువ్వు."

"నాకు తెల్లేదప్పా. అంగడిలో కూచున్నదానికి ఎట్ల తెలుస్తాది? నీకు మూణ్ణెల్ల నుంచీ తెలుసు. నీ మాట వినకపోతిని. తప్పు నాదే."

బయ్యన్న ఆటో వైపు చూశాడు. "పాపం, అదీ శానా ఓర్చుకునింది లేక్కా" అన్నాడు.

ఆ వారం సంతకు సుబ్బరత్నమ్మ తనే వెళ్లింది. అక్కడ బేరం తువ్వాలు కింద జరుగుతుంది. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు, మూడోవాడికి తెలియకూడదని. ఒక వ్యాపారి అలవాటుగా తువ్వాలు చాచాడు. "చెయ్యి తియ్యప్పా! నోరుండాది కదా, గట్టిగా చెప్పు, పదిమందీ విననీ" అని గద్దించింది. అతను సిగ్గుపడి గట్టిగా చెప్పాడు. పక్కవాడు విని ఇంకొంచెం ఎక్కువ చెప్పాడు. ఇంకేముంది, ఆ మూల వేలంపాట అయిపోయింది. ఆఖరి ఈత ఈనిన పాత గొర్రెల్నీ, వాటి పిల్లల్నీ అమ్మేసరికి క్లచ్ ప్లేటుకు, టైర్లకు, ఇన్సూరెన్సుకు సరిపోయి, వానలు పడేదాకా డీజిలుకూ బయ్యన్న జీతానికీ దిగులు లేకుండా పోయింది. ఇంకా సగానికి పైగా మంద గుట్ట మీదే ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమెకు కొంచెం ఏడుపొచ్చిన మాట మాత్రం నిజం. ఆ పాత గొర్రెల్లో మొదటి పన్నెండింటిలోవి కూడా ఉన్నాయి మరి.

ఏడాది సభకు హరినాథ్ వచ్చాడు. అశ్విని బిడ్డనెత్తుకొని ముందు వరసలో కూర్చుంది. లెక్కలు చదవడం అయ్యాక సుబ్బరత్నమ్మ లేచి, తీర్మానంలో ఒక మాట మార్చమంది. కష్టం వచ్చిందో లేదో ఇకమీద కోశాధికారి కాదు, బండి తోలే బయ్యన్న చెప్పాలి. అతను చెప్తే గొర్రెను అమ్మాల్సిందే, కోశాధికారి నోరెత్తకూడదు.

పెట్టె తాళాలు ఆమె తనంతట తానే ఇచ్చేయడం ఎవరూ కలలో కూడా అనుకోలేదు. రాజేంద్ర సారు లేచి కళ్లు తుడుచుకొని, సంచిలోంచి ఒక శాలువా తీశాడు.

"సారూ! ఇది ఎవురి డబ్బు?" అని ఆమె కస్సుమంది.

"నా పెన్షనమ్మా తల్లీ, నా పెన్షను!" అని దండం పెట్టి కప్పేశాడు. ఆ ఉక్కలో దాన్ని భుజాన వేసుకొని సభ అయ్యేదాకా చెమటలు కక్కుతూ కూర్చుంది, పాపం.

ఇక బయ్యన్నకు పట్టపగ్గాలుండవు, వారానికో గొర్రె అమ్మిస్తాడని బజారులో పందేలు కాసుకున్నారు. మూడు నెలలు గడిచాయి. ఒక్క గొర్రె కదల్లేదు. సుబ్బరత్నమ్మే ఉండబట్టలేక ఒకరోజు అతన్ని అంగడి ముందు ఆపింది.

"ఏమప్పా, ఆ సీటు మార్పించమని ఎన్నిసార్లు చెప్పాల? కడ్డీ గుచ్చుకుంటాంది. ఒక గొర్రెను అమ్ముదాం."

"అది కష్టమాక్కా?" అన్నాడు బయ్యన్న నెత్తి గోక్కుంటూ. "బండి తిరుగుతాంది కదా. గొర్రెలిప్పుడు కట్టుమీద ఉండాయంట. చూడి కడతాయి. ఇప్పుడమ్మితే నష్టం."

"నీ మొహానికి! ఆడవాళ్లు దాని మీద పడుకోని పోవాలప్పా!"

"కంబళి పరిచినాను లేక్కా. గొర్రె మాత్రం అమ్మేది లేదు. తీర్మానంలో ఉండాది, నువ్వు నోరెత్తకూడదు."

తన నోట్లోంచి ఊడిపడ్డ మాటలే ఎదురొచ్చి నిలబడితే ఎవరు మాత్రం ఏం చేయగలరు? బయ్యన్న చెవిదాకా నవ్వుతూ ఆటో ఎక్కబోయాడు.

"ఆగు" అందామె.

లోపలికెళ్లి గల్లాపెట్టె తెరిచింది. నోట్లు తీసి, వేలు తడుపుకొని లెక్కపెట్టి, మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది. బదరీనారాయణ కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ఎవురికే అది? సరుకు తెప్పిస్తాండావా?"

"సరుకు లేదు. బండికి సీటు."

"సంఘం దుడ్లు కాదా?"

"మనవే."

"ఎప్పుడిస్తారంట తిరిగి?"

సుబ్బరత్నమ్మ నోట్లు మడిచి బయ్యన్న చొక్కా జేబులో కుక్కింది. "మెత్తటి స్పాంజి వేయించు, చవకది వేయిస్తే ఊరుకోను" అని అతన్ని పంపేసి, గల్లాపెట్టె మూసి, అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"తిరిగి ఇచ్చేది లేదు" అంది. "ఊరికే ఇచ్చినా."

బదరీనారాయణ కళ్లజోడు సరిచేసుకొని, ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందా అన్నట్టు అంగడి మెట్టు వైపు చూశాడు.